బొద్దింక మెదడును వెతికి కుట్టే పచ్చ కందిరీగ

తన కంటే దాదాపు రెట్టింపు పొడవున్న బొద్దింకను ఒక చిన్న కందిరీగ మీసం పట్టుకుని నడిపించుకుపోతుంది. మీసాలు సగానికి తెగి ఉండటం తప్ప బొద్దింక ఒంటి మీద గాయమేదీ కనిపించదు. ఆరు కాళ్లూ చక్కగా ఆడుతుంటాయి. తలుచుకుంటే ఒక్క గుంజు గుంజి ఏ సందులోకో దూరిపోగలదు. ఆ తలుచుకోవడమే దానికి లేకుండా పోయింది.

ఈ కందిరీగ శాస్త్రీయ నామం ఆంప్యులెక్స్ కంప్రెసా. ఇంగ్లిష్‌లో జ్యువెల్ వాస్ప్ అంటారు. దీని మీద వీడియోలు బోలెడున్నాయి, దాదాపు అన్నీ దయ్యాల కథ చెప్పినట్టే చెబుతాయి. దీని జీవితాన్ని మొదటి నుంచి చివరిదాకా చూస్తే మాత్రం క్రూరత్వం కంటే పొదుపు ఎక్కువగా కనిపిస్తుంది. ఒక గుడ్డుకు ఒక బొద్దింక, అంతే. పిల్ల పుట్టి, తిని, ఎదిగి, గూడు అల్లుకునే దాకా ఆ ఒక్క బొద్దింకే ఆధారం. అందుకని ఆ ఆహారం పారిపోకూడదు, కుళ్లిపోకూడదు, ఎండిపోకూడదు. చంపేస్తే కుళ్లిపోతుంది. వదిలేస్తే పారిపోతుంది. ఈ రెంటికీ మధ్య దారిని ఆంప్యులెక్స్ బొద్దింక మెదడులో కనుక్కుంది.

కందిరీగ అనగానే మనకు గుర్తొచ్చేది చూరుకో చెట్టుకొమ్మకో వేలాడే తుట్టె, దాని జోలికి పోతే వెంటపడి కుట్టే గుంపు. నిజానికి కందిరీగ జాతుల్లో చాలా భాగం ఒంటరివే. వాటికి రాణీ లేదు, కూలీలూ లేరు, తుట్టెకు కాపలా కాసే పనీ లేదు. ఆడ కందిరీగ తన గూటి చోటు తానే చూసుకుని, తన వేట తానే వేటాడి, గుడ్డు పెట్టి, మూసేసి వెళ్లిపోతుంది. పిల్ల ముఖం చూడదు. మన ఇళ్లలో గోడ మూలల్లో, తలుపు చట్రాల పక్కన మట్టిముద్దలు అంటించి గూళ్లు కట్టేవీ ఈ కోవలోవే. ఆ మట్టి గదులు పగలగొడితే లోపల కదలని సాలీళ్లో, ఆకుపచ్చ గొంగళిపురుగులో బయటపడతాయి. మన పూర్వులు కూడా దీన్ని గమనించారు. గూట్లోకి పురుగు వెళ్లింది, కొన్నాళ్లకు అందులోంచి రెక్కల కీటకం బయటికొచ్చింది. పురుగు భయంతో తుమ్మెదనే తలుచుకుంటూ చివరికి తుమ్మెదే అయిపోయిందని అర్థం చేసుకున్నారు. భ్రమరకీటక న్యాయం అలా పుట్టింది. వాళ్లు చూసింది నిజమే. కాకపోతే లోపలికి వెళ్లిన పురుగు మారలేదు, దాన్ని తిని పెరిగిన వేరే ప్రాణి బయటికొచ్చింది.

ఆంప్యులెక్స్ మట్టి గూడు కట్టదు. ఏ గోడ కన్నమో, చెక్కలో తొర్రో, రాళ్ల మధ్య సందో దొరికితే చాలు. ఆడది సుమారు 22 మిల్లీమీటర్ల పొడవుంటుంది. ఒళ్లంతా నీలం, ఆకుపచ్చ కలిసిన లోహపు మెరుపు. మధ్య కాళ్లకు, వెనక కాళ్లకు తొడభాగం ఎర్రగా ఉంటుంది. ఈ ఎరుపును బట్టి సులువుగా గుర్తుపట్టొచ్చు. మగది ఆడదానిలో సగం కూడా ఉండదు, దానికి కొండి ఉండదు. భారతదేశంతో సహా దక్షిణాసియా, ఆగ్నేయాసియా, ఆఫ్రికా, పసిఫిక్ దీవుల్లోని వెచ్చటి ప్రాంతాలు దీని నివాసం. డేనిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ దీన్ని 1781లో వర్ణించి శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కించాడు.

దీని వేట ముఖ్యంగా పెరిప్లానెటా అమెరికానా, అంటే మన డ్రైనేజీల్లో, బాత్‌రూముల్లో, వంటగది సింకు కింద తిరిగే ఎర్రగోధుమ రంగు పెద్ద బొద్దింక. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు దాని నాడీ వ్యవస్థ బొమ్మ గుర్తుండే ఉంటుంది: తలలో మెదడు, దాని కిందే మరో నాడీసంధి (నాడీకణాల ముద్ద), ఛాతీలో మూడు నాడీసంధులు, పొట్టలో ఆరు. కందిరీగ చేసే పని అర్థం కావాలంటే ఈ బొమ్మే కావాలి.

బొద్దింక తేలిగ్గా చిక్కే ప్రాణి కాదు. కీటకాల్లో అతి వేగంగా పరిగెత్తేవాటిలో ఇదొకటి, సెకనుకు మీటరున్నర దాకా పోగలదు. పొట్ట చివర తోకల్లా ఉండే రెండు చిన్న అవయవాల (సెర్సై) మీది సన్నటి రోమాలు వెనక నుంచి వచ్చే చిన్న గాలి కదలికను కూడా పసిగడతాయి. పైగా అది తిరగబడుతుంది కూడా. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో కెనెత్ కటానియా ఈ పోరాటాన్ని హైస్పీడ్ కెమెరాలతో చిత్రించి 2018లో వివరాలు ప్రచురించారు. కందిరీగను గమనించిన బొద్దింక ముందు ఒంటిని పైకెత్తి కాళ్ల మీద నిటారుగా నిలబడుతుంది. మీసాలు శత్రువు వైపు తిప్పి దూరాన్ని అంచనా వేసుకుంటుంది. కందిరీగ అందుబాటులోకి రాగానే వెనక కాలు వెనక్కి లాగి, ముళ్లున్న ఆ కాలితో దాని తల మీద ఈడ్చి తంతుంది. తన్ను గట్టిగా తగిలితే కందిరీగ ఎగిరి అవతల పడుతుంది. ఇలా ఎదురుతిరిగిన పెద్ద బొద్దింకల్లో సగానికి పైగా బతికి బయటపడ్డాయి. పిల్ల బొద్దింకలే దాదాపు ప్రతిసారీ ఓడిపోయాయి. చాలా వీడియోల్లో ఈ భాగం కనిపించదు, అందుకే ఈ కందిరీగకు ఓటమే లేదన్న అభిప్రాయం పాతుకుపోయింది.

తన్నులు తప్పించుకున్న కందిరీగ బొద్దింక మెడ దగ్గరి డాలు లాంటి పెంకు అంచును దవడలతో పట్టేసి, పొట్టను కిందికి వంచుతుంది. మొదటి పోటు ఛాతీలోకి, సరిగ్గా ముందు కాళ్లను నడిపే నాడీసంధిలోకి దిగుతుంది. ఆ విషంలో గాబా, దాని పనే చేసే టారిన్, బీటా అలనిన్ ఉంటాయి. గాబా మన మెదడులోనూ ఉంటుంది, నాడుల జోరు తగ్గించడం దాని పని. బొద్దింకలోనూ అదే జరుగుతుంది. ముందు కాళ్లు రెండూ చచ్చుబడతాయి, అదీ రెండు మూడు నిమిషాలు, మహా అయితే ఐదు నిమిషాలు మాత్రమే. కందిరీగకు అంతకు మించి అక్కర్లేదు. ముందు కాళ్లు పనిచేస్తే తల దగ్గరికి కొండి రానివ్వవు. రెండో పోటు ఎంత సున్నితమైనదంటే, అది పూర్తయ్యే దాకా ఆ కాళ్లు కదలకుండా ఉండాలి.

రెండో పోటు మెడ కింది మెత్తటి పొర గుండా తలలోకి పోతుంది. ఈ విషం నేరుగా మెదడులోకి వెళ్తుందా, లేక పక్కన ఎక్కడో పడి రక్తంలో కలిసి చేరుతుందా అన్నది చాలాకాలం తేలలేదు. ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడెరిక్ లిబర్సా బృందం దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టింది. కందిరీగల విషమే రేడియోధార్మికంగా తయారయ్యేట్టు చేసి, వాటి చేత బొద్దింకలను కుట్టించి, ఆ ధార్మికత ఎక్కడ పోగైందో చూశారు. ఛాతీలోని మొదటి నాడీసంధిలో, తలలోని మెదడులో, దాని కిందనున్న నాడీసంధిలో మాత్రమే గట్టిగా కనిపించింది. 2003లో వచ్చిన ఈ ఫలితంతో అనుమానం తీరిపోయింది. కందిరీగ గురి చూసి మెదడులోనే పొడుస్తోంది.

చీకటి పెంకు లోపల, కంటికి కనబడని మెదడును కొండి ఎలా కనుక్కుంటుంది? ఇదే బృందం 2014లో దీనికి జవాబు చెప్పింది. ఈ కీటకం గురించి జరిగిన పరిశోధనలన్నిటిలోకీ అందమైనది ఇదేననడానికి వెనకాడక్కర్లేదు. కొండి కొసను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే స్పర్శను, రసాయనాలను పసిగట్టే గ్రాహకాలు బయటపడ్డాయి. ఆ తర్వాత కొన్ని బొద్దింకల తల నుంచి మెదడు తీసేసి కందిరీగల ముందు పెట్టారు. మామూలుగా తలలో పోటు ఒక నిమిషం పాటు సాగితే, మెదడు లేని తలలో కొండి పది నిమిషాలకు పైగా అటూ ఇటూ తడుముతూనే ఉంది. మెదడు స్థానంలో మెత్తటి అగరోజ్ జెల్లీ ముక్క పెట్టినా అదే వెతుకులాట. కాస్త గట్టి జెల్లీ పెడితే మాత్రం మామూలుగానే కుట్టి ముగించింది. అంటే కొండి కొసకు తగిలే గట్టిదనాన్ని బట్టే చేరాల్సిన చోటుకు చేరానని కందిరీగ తెలుసుకుంటోంది. విషం ఎక్కించే సూదే వెతికే వేలు కూడా అయింది.

పోటు పడ్డాక బొద్దింక వెంటనే చతికిలబడిపోదు. దాదాపు అరగంట సేపు ఒళ్లు శుభ్రం చేసుకుంటూ కూర్చుంటుంది. మీసాలను నోటితో లాగి తుడుచుకుంటుంది, కాళ్లు నాక్కుంటుంది, మళ్లీ మొదలుపెడుతుంది. విషంలోని డోపమైన్ అనే రసాయనం ప్రభావం ఇదని లిబర్సా బృందం 1999లోనే చూపించింది. ఆ అరగంటలో కందిరీగ దగ్గర ఉండదు, గూటికి చోటు వెతకడానికి పోతుంది. తిరిగొచ్చేసరికి బొద్దింక ఉన్నచోటే ఉంటుంది. ఈలోగా విషం రెండో దశ మొదలవుతుంది, అసలు విశేషం అక్కడే ఉంది.

ఈ దశలో బొద్దింకకు పక్షవాతం రాదు. వెల్లకిలా పడేస్తే తిరగబడి నిలబడుతుంది. గాలి సొరంగంలో పెడితే రెక్కలు మామూలుగానే ఆడిస్తుంది. కాళ్ల కండరాలు, వాటిని నడిపే నాడులు బాగానే ఉంటాయి. పోయింది నడక మొదలుపెట్టే చొరవ ఒక్కటే. 2008లో లిబర్సా, ఆయన బృందంలోని గాల్ కలిసి, కందిరీగ కుట్టిన బొద్దింకల కాళ్ల కింద విద్యుత్ షాక్ ఇచ్చి చూశారు. మామూలు బొద్దింక ఉలిక్కిపడి పరిగెత్తే షాక్‌కు ఇవి స్పందించలేదు. కదిలించడానికి చాలా ఎక్కువ షాక్ కావాల్సి వచ్చింది. నీళ్లలో పడేస్తే ఈదడం మొదలుపెట్టాయి గానీ, కాసేపటికే ప్రయత్నం మానేసి తేలుతూ ఉండిపోయాయి. ఈదడం వచ్చు, ఓపికా ఉంది. కొనసాగించాలన్న ప్రేరణ లేదు. మత్తు పెట్టినట్టు అని కొందరు రాస్తారు, అది సరికాదు. మత్తులో ఉన్న ప్రాణి తూలుతుంది, ఇది తూలదు.

ఈ ప్రేరణకు కీలకం ఆక్టోపమైన్ అనే రసాయనం అని తేలింది. మనలో నారడ్రినలిన్ అనే హార్మోన్ చేసే పని లాంటిదే కీటకాల్లో ఇది చేస్తుంది. కుట్టించుకున్న బొద్దింక మెదడులోకి ఆక్టోపమైన్‌ను పోలిన మందు ఎక్కిస్తే అది కొంతవరకు తనంతట తానే నడవడం మొదలుపెట్టింది. పిల్ల దాన్ని తినకపోతే ఈ స్థితి ఐదారు రోజులు, ఒక్కోసారి వారం దాకా ఉండి తగ్గిపోతుంది. మెదడు చెడిపోలేదన్నమాట, కొన్నాళ్లు సద్దుమణిగింది. నడకను ఏ నాడులు మొదలుపెడతాయన్న ప్రశ్నకు ఈ విషం ఓ చక్కటి పరికరం. పార్కిన్సన్స్ రోగుల్లో కూడా కదలిక మొదలుపెట్టడమే కష్టమవుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాఖలో మైకేల్ ఆడమ్స్ బృందం 2018లో ఈ విషంలోంచి ఆంప్యులెక్సిన్లు అనే కొత్త పెప్టైడ్ల (చిన్న ప్రోటీన్ ముక్కల) కుటుంబాన్ని వేరుచేసింది. ఆ పరిశోధనకు ఆసక్తి కలిగించిన విషయాల్లో ఈ పోలిక ఒకటి.

ఇంత తంటాలెందుకు, పూర్తిగా పడిపోయేట్టు కుడితే సరిపోదా అన్న సందేహం సహజం. ఎన్నో ఒంటరి కందిరీగలు అదే చేస్తాయి. కానీ పడిపోయిన బొద్దింకను కందిరీగ మోయలేదు, అది దాని కంటే ఎన్నో రెట్లు బరువు. రెండో కారణం 2005లో తేలింది. కుట్టించుకున్న బొద్దింకలు ఆక్సిజన్ తక్కువ వాడుకుంటాయి, ఒంట్లో నీరు తక్కువ పోగొట్టుకుంటాయి, పూర్తి పక్షవాతం తెప్పించిన బొద్దింకల కంటే ఎక్కువ రోజులు బతుకుతాయి. వంటగదిలో ఫ్రిజ్ చేసే పనిని ఈ విషం చేస్తోంది.

చోటు కుదిరాక కందిరీగ తిరిగొచ్చి బొద్దింక రెండు మీసాలనూ సగానికి కొరికేస్తుంది. తెగిన కొసల నుంచి ఊరే రక్తద్రవం తాగుతుంది. వేట అలసట తీరడానికి అది ఆహారం. తర్వాత ఒక మీసం మొదలు పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతుంది, బొద్దింక వెంట నడుస్తుంది. తనంతట తాను అడుగు కదపని ప్రాణి, లాగితే మాత్రం అడ్డు చెప్పకుండా వస్తుంది.

లోపలికి తీసుకెళ్లాక గుడ్డు పెట్టడంలోనూ ఒక నేర్పు ఉంది. గుడ్డు రెండు మిల్లీమీటర్ల పొడవుంటుంది, మధ్య కాలి మొదట్లో అంటించాలి. పుట్టిన పిల్ల దవడలు బలహీనం. గట్టి పెంకు మీద పెడితే అది లోపలికి దారి చేసుకోలేక ఆకలితో చస్తుంది, పల్చటి పొర దగ్గరే పెట్టాలి. కటానియా 2020లో చూపించినదేమిటంటే, సరైన చోటు దొరకడానికి కందిరీగ పొట్ట కొసనున్న సన్నటి గ్రాహక రోమాలతో తడుముతుంది. అంతకంటే వింత, బొద్దింక కాలు అడ్డం ఉంటే ఛాతీలోని రెండో నాడీసంధిలో మళ్లీ పొడుస్తుంది. దాంతో ఆ కాలు చాపుకుని గుడ్డు పెట్టే చోటు బయటపడుతుంది. ఇంతకాలం రెండు పోట్లే అని అందరూ అనుకున్నారు, గూటి లోపల చీకట్లో జరిగే ఈ మూడో పోటు సంగతి అప్పుడు గానీ తెలియలేదు. ఆ తర్వాత చిన్న రాళ్లు, ఆకు ముక్కలు, చెత్త తెచ్చి గూటి ద్వారం పూడ్చేస్తుంది. ఇది బొద్దింక పారిపోకుండా కాదు, అదెటూ పోదు. చీమలూ ఇతర కీటకాలూ లోపలికి రాకుండా.

మూడు రోజులకు గుడ్డు పిగులుతుంది. పిల్లపురుగు నాలుగైదు రోజులు బయటి నుంచే రక్తద్రవం పీల్చి ఎదుగుతుంది. తర్వాత పెంకుకు కన్నం చేసి లోపలికి దూరి అవయవాలు తింటుంది. బొద్దింక చనిపోయేది అప్పుడే. లోపలే గూడు అల్లుకుని ప్యూపాగా మారుతుంది. గుడ్డు పెట్టినప్పటి నుంచి ఐదారు వారాలకు ఖాళీ డొల్లను చీల్చుకుని మెరిసే పచ్చ కందిరీగ బయటికొస్తుంది.

బొద్దింక తిరిగేది మురికిలో. దాని ఒంట్లో సెర్రేషియా లాంటి బ్యాక్టీరియా ఉంటుంది, అది పిల్లను చంపగలదు. జర్మనీలోని రీగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గుడ్రున్ హెర్జ్‌నర్ బృందం బొద్దింక పక్కభాగంలో చిన్న కిటికీ లాంటిది అమర్చి లోపలికి చూసింది. పిల్లపురుగు నోటి నుంచి తేట చుక్కలు వదులుతూ తాను తినబోయే చోటంతా పూస్తోంది. ఆ చుక్కల్లో మెల్లీన్, మైక్రోమొలైడ్ అనే రెండు యాంటీబయోటిక్ పదార్థాలున్నాయని 2013లో ప్రకటించారు. రెండూ కలిస్తే ఎన్నో రకాల బ్యాక్టీరియాను ఆపగలవు. తల్లి ఆహారాన్ని తాజాగా ఉంచితే, దాన్ని శుభ్రంగా ఉంచుకునే బాధ్యత పిల్లది.

ఇక ఇంట్లో బొద్దింకల బెడద ఈ కందిరీగతో తీరుతుందా? ఈ ఆలోచన కొత్తది కాదు. 1941లో ఫ్రాన్సిస్ విలియమ్స్ అనే కీటక శాస్త్రవేత్త ఇదే ఉద్దేశంతో న్యూ కాలెడోనియా నుంచి హవాయికి దీన్ని తీసుకెళ్లాడు. కందిరీగలు అక్కడ స్థిరపడ్డాయి, బొద్దింకల బెడద మాత్రం తీరలేదు. పాఠ్యపుస్తకాల లెక్క చూస్తేనే కారణం అర్థమవుతుంది. ఆడ బొద్దింక సగటున 9-10 గుడ్ల పెట్టెలు పెడుతుంది, ఒక్కో పెట్టెలో 14-16 గుడ్లు. ఆడ ఆంప్యులెక్స్ జీవితాంతం వేటాడేది కొన్ని డజన్ల బొద్దింకలనే. ఒక్కో వేటకూ అంత శ్రమ పెట్టే ప్రాణికి సంఖ్యలో పోటీపడే వీలు లేదు.

ఆ మాటకొస్తే మన బాత్‌రూం కిటికీల దగ్గర కనిపించే మరో ఒంటరి కందిరీగ, ఇవేనియా అపెండిగాస్టర్, బొద్దింకలకు ఇంతకంటే నష్టం చేస్తుంది. నల్లగా చిన్నగా ఉండి, జెండాలా నిలబడ్డ చిన్న పొట్టను పైకీ కిందికీ ఆడిస్తూ తిరుగుతుంది. పెద్ద బొద్దింక జోలికి పోదు. గుడ్ల పెట్టెను వెతికి, అందులో తన గుడ్డు ఒకటి పెడుతుంది. పుట్టిన పిల్ల పెట్టెలోని గుడ్లన్నీ తినేస్తుంది. చాలామంది దాన్ని ఈగో దోమో అనుకుని చెప్పుతో కొట్టేస్తారు, లేదా బొద్దింకల కోసం కొట్టిన స్ప్రేకే అదీ పోతుంది. దానితో మనుషులకు ఏ ప్రమాదమూ లేదు. ఆంప్యులెక్స్ ఆడది చేత్తో పట్టుకుంటే కుట్టగలదు గానీ, కాపాడుకోవలసిన తుట్టె లేదు కాబట్టి మనిషి వెంటపడదు. గోడ మీద ఎర్ర తొడల పచ్చ కందిరీగ కనిపిస్తే కాస్త దూరంగా నిలబడి చూడొచ్చు. వేట మొదలైతే మొదటి పోటు నుంచి గూడు మూసేదాకా జరిగేదంతా ఒక పూటలోనే అయిపోతుంది.